మూడు మచ్చుల యాప్

జాతర ఎవరికోసమూ ఆగదు. రియాక్ట్‌కి కొత్త వెర్షన్ వచ్చిందని సమ్మక్క తల్లి గద్దెకు రావడం వాయిదా వేసుకోదు. ఈ సంగతి మా తమ్ముడు సుదర్శన్‌కి చెప్పీ చెప్పీ పోయిన చలికాలమంతా నా నోరు ఎండిపోయింది.

మాది వరంగల్ బీట్‌బజార్‌లో బెల్లం దుకాణం. మామూలు రోజుల్లో అది బెల్లమే. రెండేళ్లకోసారి మేడారం జాతర దగ్గరపడిందంటే మాత్రం బంగారం అయిపోతుంది. పిల్లకు జ్వరం తగ్గాలనీ, కొడుక్కు నౌకరీ రావాలనీ మొక్కుకున్నవాళ్ళు మనిషి బరువుకు సరిపడా బెల్లం తూచి తల్లులకు ఇచ్చుకుంటారు. ఆ రోజుల్లో మా బజారులో కాలు పెట్టడానికి చోటుండదు. పైగా కొనేవాళ్ళ పేరు, ఆధార్, ఫోను నంబరు అన్నీ రాసుకోవాలి, లేకపోతే ఆ బెల్లం గుడుంబా బట్టీకి పోతుందని సర్కారు అనుమానం. రాసేది ఒక్క చెయ్యి, వరసలో నిలబడేది ఊరంత జనం. అందుకని ఈసారి జనం ఇంటి దగ్గరే ఫోనులో అన్నీ నింపుకొని, టైము తీసుకొని, వచ్చి బంగారం పట్టుకుపోయేలా ఒక వెబ్ యాప్ కడదామన్నాను. అన్నది నేను. దయచేసి ఇది గుర్తుంచుకోండి, తర్వాత మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

నా పేరు శ్రీలత. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి వెబ్‌సైట్లు కట్టేదాన్ని. వానాకాలంలో మా టీమునంతా ఒక్క మెయిలుతో ఇంటికి పంపారు. మళ్ళీ ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కాలని నాకు లేదు. ఈ దుకాణంలో, మా బాపు పక్కన, గల్లా దగ్గర నాకొక కుర్చీ కావాలి. యాప్ నడిస్తే దాన్ని నడిపే మనిషికి ఆ కుర్చీ ఇస్తానని బాపు నోటితోనే అన్నాడు. ఆ తర్వాత నా కంటికి ఇంకేదీ ఆనలేదు.

బాపు పేరు వెంకట్రాజం. మంచివాడే, కానీ మచ్చు చూడకుండా ఏ పనీ చేయడు. లారీ వచ్చిందంటే బెల్లం ముద్ద పగలగొట్టి ముక్క నాలుక మీద వేసుకుంటాడు. మూడు చోట్ల మచ్చు చూడందే సరుకు దించనివ్వడు. "నన్ను చూసుటానికి వచ్చినప్పుడు గూడ ముందుగాల ఇంకో రెండు సంబంధాలు చూసొచ్చిండు మీ బాపు," అంటుంది మా అమ్మ విజయలక్ష్మి. ఆమె నవ్వుతూనే అంటుంది, కానీ మరిచిపోలేదన్నమాట.

దసరా వెళ్ళిన వారంలో బాపు గల్లా దగ్గర కూర్చుని అడిగాడు.

"ఫ్రేమ్‌వర్క్ అంటవు గదా ఊకె, అదేంది బిడ్డా?"

"వెబ్‌సైటు కట్టేటోళ్ళ కోసం ముందుగాలనే తయారుజేసి పెట్టిన సామాను బాపూ. అన్నీ మొదటికెళ్ళి మనమే రాసుకునే పనుండదు."

"అంటే అచ్చు. పాకం మనది, అచ్చు ఇంకోళ్ళది."

"ఆఁ, గట్లనే అనుకో."

"మరి అచ్చులు ఎన్ని తీర్లున్నయ్?"

నా కర్మ కాకపోతే ఆ మాట మెట్లు దిగుతున్న సుదర్శన్ చెవిన పడాలా? వాడు హైదరాబాద్ కంపెనీకి మా మేడ మీద నుంచే పనిచేస్తాడు. "రియాక్ట్ ఒక్కటే బాపూ. మిగిలినయన్ని ఉత్తయే," అన్నాడు. మా మేనత్త కొడుకు అనిల్ బావ మడికొండలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగి. ఇంటికి బెల్లం తీసుకుపోదామని వచ్చినవాడు, వచ్చిన పని మరిచిపోయి, "యాంగ్యులర్ లేకుంట పెద్ద యాప్ ఎట్ల కడ్తర్ర?" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, స్వెల్ట్ అన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు ముగ్గురం మూడు కుందేళ్ళు పట్టుకుని నిలబడ్డాం. వ్యూ అనేది ఇంకొకటి ఉంది. పాపం, దాని తరఫున మాట్లాడే మనిషి మా ఇంట్లో లేడు.

గిరాకీ వచ్చి "అయ్యా, కిలో బెల్లం" అని అడుగుతున్నా మా లొల్లి ఆగలేదు. బాపుకు చిరాకు పుట్టింది.

"ఏ, బందుజేయుండ్రి. ముగ్గురు మూడు మచ్చులు పట్టుకరాండ్రి. చూసి చెప్త."

"బాపూ, ఇది బెల్లం గాదు," అన్నాను.

"చూడకుంట ఎట్ల చెప్త బిడ్డా?"

బెల్లం ముక్క తింటే ముద్దంతా తెలుస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే పాకం. యాప్ అట్లా కాదు. ఒక చిన్న పేజీ ఎందులో కట్టినా తియ్యగానే ఉంటుంది. అది పెరిగి, పది పేజీలై, జనం మీద పడినప్పుడు కదా అసలు రుచి బయటపడేది! ఇదంతా విడమరిచి చెప్పాను. బాపు విన్నాడు. విని, "సరే, ఎప్పుడు తెస్తరు మచ్చులు?" అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి మూడింటినీ తన ఫోనులో తెరిచి చూశాడు. మూడింట్లోనూ ఒకే పేజీ. పైన గద్దెల బొమ్మ, కింద పేరు, ఆధార్, ఫోను నంబరు, ఆ కింద బరువు ఎంతో నింపే డబ్బా, చివర పసుపురంగు బటన్. బరువు రాయగానే ఎంత బెల్లమో, ఎంత ధరో కింద కనపడుతుంది.

"చూడు బాపూ, బరువు మార్చంగనే ధర అదంతట అదే మారుతాంది," అన్నాడు సుదర్శన్.

"మాదాంట్ల గూడ మారుతది గాని, యాంగ్యులర్ల అన్ని ఒక్క డబ్బాలనే వస్తయి మామా," అన్నాడు అనిల్ బావ. "పేజీకెళ్ళి పేజీకి పోవుడు, ఫారం నింపుడు, తప్పు రాస్తే పట్టుకునుడు, అన్ని. వీని రియాక్ట్ల ఒక్కొక్కటి తిరిగి తిరిగి తెచ్చుకోవాలె."

"తెచ్చుకునుడేంది బావా, అన్ని ఫ్రీయే గదా!"

"ఫ్రీయేర. ఏది తెచ్చుకోవాల్నో తెలువకనే తలకాయ పోతది."

"మీదాంట్ల చెయ్యి కడుక్కుందామన్న రూలే."

నేను నా వంతు చెప్పాను. "స్వెల్ట్ పనంత ముందే నా కంప్యూటర్ల చేసి పెడ్తది బాపూ. ఫోనుకు పొయ్యేది జరంతనే. నర్సంపేట అవతల ఊర్లల్ల, సిగ్నల్ లేని చోట, పాత ఫోన్ల గూడ జల్ది తెరుచుకుంటది. మనకు వచ్చే గిరాకీ ఆ ఫోన్లోల్లే గదా."

బాపు మూడింటినీ మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాడు. "మూడు తియ్యగనే ఉన్నయి," అన్నాడు. నేను చెప్పింది అదే కదా అని పళ్ళు కొరుక్కున్నాను. కాసేపు మీసం సవరించుకుని ఒక ప్రశ్న వేశాడు.

"రేపు చెడిపోతే రిపేరు చేసేటోళ్ళు దొరుకుతరా?"

"రియాక్ట్ తెలిసినోళ్ళకు కొదవా? హన్మకొండ చౌరస్తాల నిలవడి పిలిస్తే పది మంది ఉరికొస్తరు," అన్నాడు తమ్ముడు. "మా ఆఫీసు మొత్తం యాంగ్యులరే," అన్నాడు బావ. బాపు నా వైపు తిరిగాడు.

"నీదానికి?"

"నేనున్న గద."

"నువ్వున్నవు సరే. రేపు పెండ్లయి పోయినంక?"

"నేనెక్కడికి పోతాన బాపూ?"

"అందరు గట్లనే అంటరు తియ్," అని ఆయన ఆప్యాయంగానే నవ్వాడు. "సుదర్శన్ది ఖాయం చేద్దాం. ఊరందరికి తెలిసిన అచ్చు అయితే ఫికర్ ఉండది."

నిజానికి ఆ వాదన తప్పు కాదు. రియాక్ట్ తెలిసినవాళ్ళు ఎక్కువ, స్వెల్ట్ తెలిసినవాళ్ళు తక్కువ. ఏ కంపెనీలో అయినా ఇదే మాట చెప్పి రియాక్ట్‌నే పట్టుకుంటారు. కానీ బాపు లెక్కపెట్టింది స్వెల్ట్ తెలిసినవాళ్ళను కాదు. మూడు అచ్చుల పోలిక అనుకుని కూర్చున్నదాన్ని, అది ఇద్దరు పిల్లల పోలిక అని ఆ నిమిషాన అర్థమై నాకు ఒళ్ళు మండింది. అనిల్ బావ మర్యాదగా తన బెల్లం కట్టించుకుని, "ఇగ రియాక్ట్ పంచాయితీ మీరే తెంపుకోండ్రి మరదలా," అని బండెక్కాడు.

మరునాడు మేడ మీదకి పోతే తమ్ముడు చల్లగా అన్నాడు. "అక్కా, నాకు ఆఫీసు పనున్నది గదా. నువ్వు రాయి. నేను ఆర్కిటెక్చర్ చూస్త."

రాశాను. రియాక్ట్ నాకేమీ కొత్త కాదు, ఇన్నేళ్ళు కంపెనీలో తిన్న అన్నం దానిదే. వాడి ఆర్కిటెక్చర్ ఎలా ఉండేదో చెప్తాను. పొద్దున ఉప్మా తింటూ ఏదో ఒక వీడియో చూస్తాడు. 'దీన్ని ఇంకా వాడుతున్నారా?' అని అందులో ఎవరో అంటారు. అంతే, ప్లేటు పట్టుకునే నా దగ్గరకు వస్తాడు. కార్తీకమాసం మొదట్లో పేజీలు మార్చే లైబ్రరీ, అంటే తయారుగా దొరికే కోడు, మారింది. దీపాలు పెట్టడం అయిపోయేసరికి మొత్తం నెక్స్ట్‌కి, అంటే రియాక్ట్ మీదే కట్టిన ఇంకో అచ్చుకు, మార్చమన్నాడు, సగం పని సర్వర్ మీద జరిగితే ఫోనుకు తేలికట. అది నిజమే, తెలిసి చేస్తే. మేము చేసింది ఏమిటంటే, సగం అక్కడా సగం ఇక్కడా వదిలేసి ఏ ముక్క ఎక్కడ నడుస్తుందో తెలియక ఇద్దరం బుర్ర గోక్కోవడం. ఆ తర్వాత, నింపిన వివరాలు ఎక్కడ దాచాలనే దాని మీద మళ్ళీ పోలిక మొదలైంది. దానికీ మూడు లైబ్రరీల మచ్చులు. మా ఇంటి రక్తంలోనే ఉంది ఆ జబ్బు.

"సుదర్శన్, ఒక్క మనిషి పేరు, ఒక్క మనిషి బరువు. దాచుటానికి ఇంత మహల్ ఎందుకుర?" అన్నాను ఒక రోజు.

"రేపు స్కేల్ అయితే?"

"ఏం స్కేలు? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ఇంకా ఒక్కలు గూడ తెరిచి చూడలేదు."

"నీకు కొత్తది నేర్చుకునుడు ఇష్టం లేదక్కా. అదే నీ ప్రాబ్లం."

చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ చెయ్యి ఆగింది. నేనేమైనా విసిరేస్తానేమోనని చూసింది. నేను ల్యాప్‌టాప్ మూసి కిందకు పోయాను. దుకాణంలో బాపు ఎవరితోనో, "మా సుదర్శన్ యాప్ కడ్తాండు, జాతరకు చూడుండ్రి," అంటున్నాడు. ఆ మనిషి నన్ను చూసి, "అమ్మాయి గూడ ఇంటికాన్నే ఉంటాందా?" అన్నాడు. ఉంటున్నానయ్యా, ఇంటి దగ్గర ఉండి గోళ్ళు గిల్లుకుంటున్నాను అనబోయి మానుకున్నాను.

పుష్యమాసం వచ్చేసరికి మహారాష్ట్ర లారీలు బజారులో వరస కట్టాయి. జాతర రద్దీకి భయపడి ముందే మొక్కు తీర్చుకునేవాళ్ళు దిగసాగారు. మా యాప్ అప్పటికీ 'ఇంకొక్కటి మార్చి' అనే దశలోనే ఉంది. చివరకు నేనే మొండికేసి ఉన్నదాన్ని ఉన్నట్టు తెరిచేశాను. దుకాణం ముందు బోర్డు పెట్టాం, పత్రికల్లో కాగితాలు పెట్టి పంచాం.

రెండు తీర్ల గొడవ మొదలైంది. ఒకటి నేను ముందే అనుకున్నదే. మంచి ఫోనులో యాప్ మెరుపులా తెరుచుకుంటుంది. పాత ఫోనులో తెల్ల తెర వచ్చి అలాగే నిలబడుతుంది. ఇది రియాక్ట్ తప్పని నేననను. తేలికగా కట్టుకుంటే అదీ తేలికగానే ఉంటుంది. చలికాలమంతా దాని నెత్తిన మేము ఎక్కించిన బరువు అది. "తెల్లగ అయితాంది పటేలా, మా ఫోను ఖరాబైందా?" అని జనం ఫోన్లు పట్టుకుని దుకాణానికే వస్తున్నారు. యాప్ చేసిందే వాళ్ళు రాకుండా ఉండటానికి.

రెండోది ఎవరమూ అనుకోలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

జాతర కాలంలో మా దుకాణం అటక మీది పెద్ద తరాజు దిగుతుంది. దూలానికి గొలుసులతో వేలాడదీస్తారు. ఒక తట్టలో మొక్కున్న మనిషి, రెండో తట్టలో బెల్లం. కట్టమ్మ అనే పెద్దామె నర్సంపేట దగ్గరి ఊరి నుంచి మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. ఆమె కొడుకు యాప్‌లో పిల్ల బరువు నింపి, డబ్బు కట్టి, టైము తీసుకున్నాడు. మేము ఆ బరువుకు బెల్లం కట్టి, పేరు రాసి, సిద్ధంగా పెట్టాం. యాప్ చెప్పినదంతా అక్షరాలా జరిగింది. నాకు ఎంత సంతోషమో! మూట ఆమె చేతిలో పెట్టబోయాను. ఆమె మూట వైపు చూడనే లేదు. పిల్లను తీసుకుపోయి నేరుగా తరాజు తట్టలో కూర్చోబెట్టి, "ఊఁ, పెట్టుండ్రి," అంది.

"అమ్మా, తూకం అయిపోయింది. ఇగో, మీది కట్టి పెట్టినం," అన్నాడు బాపు.

"పిల్ల ఈడ కూసుంటె, తూకం ఏడ అయిపోయింది సావుకారీ?"

ఎవరూ నవ్వలేదు. వెనుక నిలబడ్డ వాళ్ళంతా యాప్‌లో టైము తీసుకున్నవాళ్ళే. అందరూ తరాజు వైపే చూస్తున్నారు. కట్టిన మూట విప్పి తట్టలో పోశాం. పిల్ల వైపు తట్ట కిందికే ఉంది, బెల్లం చాలలేదు. కొడుకు దవాఖానలో ఎప్పుడో చూసిన బరువు రాశాడు, పిల్ల ఆ తర్వాత కోలుకుని ఒళ్ళు చేసింది. కట్టమ్మకు అదే సంబరం. "చూసిన్రా, మొగ్గుతాంది నా తల్లి!" అని కళ్ళు తుడుచుకుంది. ఇంకా బెల్లం వేసి, తట్టలు సమానమయ్యాక పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. అంతసేపూ వరస ఆగింది. తర్వాతి మనిషి మూట కూడా విప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతిది కూడా.

మొక్కు అంటే ఆ తట్టలో కూర్చోవడమే. ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడి ఆ తట్ట లేవడం చూడటమే. ఇది నాకు తెలియనిదా? ఆ తరాజు కింద ఆడుకుని పెరిగినదాన్ని. తమ్ముడు పెరిగాడు. బావ ప్రతి జాతరకూ వచ్చి బెల్లం మోశాడు. బాపు సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా మూడు మచ్చుల్లోనూ 'బరువు ఎంత' అనే డబ్బా ఉంది! ఆ డబ్బాను రియాక్ట్‌లో గీయాలా, యాంగ్యులర్‌లో గీయాలా, స్వెల్ట్‌లో గీయాలా అని నలుగురం దసరా నుంచి కొట్టుకున్నాం కానీ, అసలు ఆ డబ్బా ఎందుకని ఒక్కరమూ అడగలేదు. బాపు మూడింటినీ నాకి చూసి తియ్యగా ఉన్నాయన్నాడు. మా నలుగురి తెలివీ తట్టలో పెడితే గోరంత బెల్లానికి తూగదు.

బాపు ముఖం జేవురించింది. "గిదేం యాప్ర బై! డబుల్ పనైతాంది. బందుపెట్టుండ్రి!" అని అరిచాడు. సుదర్శన్ మేడ మీది నుంచి దిగి, "బరువు ఎడిట్ చేసే ఫీచర్ పెడ్దాం. దానికి జర వివరాలు దాచే స్టేట్ మొత్తం మార్చాలె," అన్నాడు. వాడిని కొట్టలేదంటే అది నా గొప్పతనం.

"బందుపెట్టకు బాపూ. రేపటిదాంక ఆగు," అన్నాను.

మేడ మీదకి పోకుండా అక్కడే బెల్లం మూటల మధ్య కూర్చున్నాను. దసరా నాటి నా స్వెల్ట్ పేజీ తీసి బరువు డబ్బా పీకేశాను, ధర పీకేశాను, గద్దెల బొమ్మ కూడా పీకేశాను. పేరు, ఆధార్, ఫోను, ఎప్పుడు వస్తారు. అంతే. తూకం ఇక్కడే, డబ్బూ ఇక్కడే. రాత పని ముందే అయిపోతుంది కాబట్టి మనిషి వచ్చి నేరుగా తట్టలో కూర్చోవచ్చు. అమ్మ తన పాత ఫోను తెచ్చి ఇచ్చింది. అందులో తెరుచుకునేదాకా ఒక్కొక్కటీ తీసేస్తూ పోయాను. మర్నాడు పొద్దున పాతదాని చోట దాన్ని పెట్టేశాను. ఇది ఏ ఫ్రేమ్‌వర్క్‌లో చేసినా జరిగేదే, నేను స్వెల్ట్ జెండా ఎగరేయడం లేదు. నాకు చేతికొచ్చినదానితో నేను చేశాను.

నడిచింది. నడిచింది అంటే, దాని గురించి ఎవరూ మాట్లాడటం మానేశారు. జనం వస్తున్నారు, పేరు చెప్తున్నారు, కూర్చుంటున్నారు, తూగి పోతున్నారు. మా ముందు వరస తగ్గి బజారులో అందరి కళ్ళూ మా మీద పడ్డాయి. రోడ్డు అవతల గట్టయ్య సేటు దుకాణం ముందు మాత్రం జనం బజారు మూల దాకా నిలబడి తిట్టుకుంటున్నారు. జాతరకు ఇంకా కొద్ది రోజులుందనగా ఆయనే నడిచి వచ్చాడు.

"వెంకట్రాజం, ఎవలు చేసిన్రయ్యా గిది? మంచిగున్నది!"

నేను అక్కడే ఉన్నాను. ఒక చేతిలో పేర్లు చూసే ఫోను, ఇంకో చేత్తో తట్టలో కూర్చున్న ఒక ముసలాయన కాళ్ళు నేలకు తగలకుండా పట్టుకుని ఉన్నాను. బాపు నా తల మీదుగా మేడ మెట్ల వైపు చూపించి, "మా సుదర్శన్," అన్నాడు.

అబద్ధం చెప్పాలని ఆయన అనలేదు, అది నాకు తెలుసు. ఆయన నోటికి ఆ పేరే వస్తుంది. అదే ఇంకా మంట. గట్టయ్య సేటు ఊఁ అన్నాడు. నా చేతిలో ఫోను వైపు, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

తల్లులు గద్దెకు వచ్చారు, వనానికి పోయారు. జాతర ముగిసి, తరాజు అటక ఎక్కిన రోజు బాపు నన్ను గల్లా దగ్గరకు పిలిచాడు. కుర్చీ సంగతే అనుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుని మరీ పోయాను. పక్కన సుదర్శన్ కూడా ఉన్నాడు.

"మంచిగ నడిచింది బిడ్డా. ఇగ జర దాన్ని రియాక్ట్ల రాసి తమ్మునికి అప్పజెప్పు."

నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను. "నడిచేదాన్ని ఎందుకు మార్చుడు?"

"నువ్వు పోయినంక ఎవరన్న చూసుకోవాలె గదా."

"బాపూ, నడిపేటోళ్ళకు కుర్సీ ఇస్తనన్నవు."

"ఇస్తనన్న. కాదంటానా? వాడే నడుపుతడు."

"నాకు టైమేడున్నది బాపూ," అన్నాడు సుదర్శన్, పాపం నిజాయితీగా. "అక్కనే చూసుకోనీ. నేను వచ్చే నెల ఆఫీసుకు పోవాలె, రోజు రమ్మంటాన్రు."

"నీకేం తెల్వదు, ఊకో," అని వాడిని కసిరి బాపు నా వైపు తిరిగాడు. "వారంల అయిపోతదా?"

అక్కరలేదన్నవాడికి కుర్చీ, కావాలన్నదానికి వారం గడువు. ఇంత కోపం నా జన్మలో ఎప్పుడూ రాలేదు. కానీ నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

"నేను రాయ."

"గదేంది బిడ్డా?"

"రాయ బాపూ." చెప్పులేసుకుని బయటికి వచ్చాను.

రోడ్డు దాటడానికి ఎంతసేపు! ఒక ఆటో పోనిచ్చి, ఒక బెల్లం బండి పోనిచ్చి, గట్టయ్య సేటు దుకాణం మెట్లెక్కాను. ఆయన అన్నం తిని పళ్ళు కుట్టుకుంటున్నాడు. వచ్చే జాతరకు, అంతకంటే ముందు ఉగాదికి, పెళ్ళిళ్ళకు, దుకాణానికి ఆన్‌లైన్ యాప్ నేను కట్టి నడుపుతానని చెప్పాను. ఎవరికీ అప్పజెప్పననీ, గల్లా పక్కన కుర్చీ కావాలనీ చెప్పాను.

"మీ బాపుకు ఎరుకేనా?"

"ఇప్పుడే ఎరుకైతది."

ఆయన రోడ్డు అవతలికి చూశాడు. మా బాపు గల్లా దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. ఇక ఆ ప్రశ్న వస్తుంది కదా అని నేనే ముందు అందుకున్నాను. "పెండ్లయితే పోతవు గదా అంటరేమో సేటూ..."

"మా కోడలు పెండ్లయితేనే వచ్చింది ఈ దుకాణానికి," అన్నాడు ఆయన. లోపల లెక్క చూస్తున్న కోడలిని పిలిచి, "పద్మలతా, కుర్సీ ఎయ్యమ్మా," అన్నాడు. ఏ ఫ్రేమ్‌వర్క్ అని అడగలేదు. మచ్చు కూడా అడగలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో నాతో మాటలు తగ్గాయి. అమ్మ ఒక్కతే, "తింటవా, టీ తాగుతవా" అని మామూలుగా ఉండేది. బంధువులు ఫోను చేసి ఇదేం పద్ధతి అని అడిగారు. అనిల్ బావ మాత్రం, "ఎదురుంగ పోయి కూసున్నవా! వారెవ్వా!" అని చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పొద్దున ఒకే ఇంటి మెట్లు దిగి బాపు మా దుకాణంలోకి, నేను రోడ్డు దాటి ఎదుటి దుకాణంలోకి పోవడం అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. ఉగాదికి నర్సంపేట, పాలకుర్తి కిరాణా దుకాణాలవాళ్ళు చాలామంది గట్టయ్య సేటుకు నేను కట్టిన యాప్‌లోనే సరుకు చెప్పారు. అందులో మా పాత గిరాకీలూ ఉన్నారు.

ఉగాది వెళ్ళాక ఒక రాత్రి భోజనాల దగ్గర నలుగురం కూర్చున్నాం. బాపు అన్నం కలుపుతూ కలుపుతూ, ప్లేటులోకే చూస్తూ అడిగాడు.

"మీ దుకాణంల ఇయ్యాల రేటెంత పెట్టిన్రు?"

అమ్మ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. సుదర్శన్ ఫోను పక్కన పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మా బాపు నన్ను బెల్లం రేటు అడగడం అదే మొదలు.

"నేనెందుకు చెప్త?" అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. కోపమొస్తుందనుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నెమ్మదిగా అన్నాడు.

"చెప్పద్దు. ఎవలడిగిన చెప్పద్దు. కన్నతండ్రి అడిగినా సరే, దుకాణం ముచ్చట ఇంట్ల చెప్పద్దు."

ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువగా మండుకొచ్చింది. ఈ బుద్ధి ఆయన సుదర్శన్‌కి చిన్నప్పుడే, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు. నాకు చెప్పడానికి నేను రోడ్డు దాటాల్సి వచ్చింది.